మా ఆయన కోటుకి కొక్కెం లేదు

పెళ్ళికాని అమ్మాయిలారా! ఒక్క పని మాత్రమే బాగా చేతనైన మగవాణ్ణి పొరపాటున కూడా చేసుకోకండి!

నాకు పెళ్ళయి పదకొండు వారాలైంది కాబట్టి సంసారం గురించి నాకు తెలియనిది లేదు. మాంచెస్టర్‌లో టీచర్ల కాలేజీలో రెండేళ్ళు చదివాను. తర్వాత మూడేళ్ళు మా ఆక్‌డెన్ బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పాను. అయినా అసలు చదువు ఇప్పుడే మొదలైంది. మిల్లు వెనక వీధిలో, రెండు గదుల ఇంట్లో, కుంపటి మీద కెటిల్ ఈల వేస్తుంటే వింటూ కూర్చుని నేర్చుకుంటున్నాను.

మా ఆయన పేరు ఈనక్ ఎంట్విసిల్. ఆక్‌డెన్ టౌన్ క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడతాడు.

ఏ స్థానంలో అని అడగబోతున్నారు కదూ? అందరూ అదే అడుగుతారు. నేనూ అందరినీ ఒకటే అడుగుతాను: ఏ శనివారం?

సెప్టెంబరు మొదటి శనివారం లెఫ్ట్ వింగ్. రెండో శనివారం రైట్ బ్యాక్. ఫార్వర్డ్ వరసలో ఒకడికి గవదబిళ్ళలొస్తే ఆ నెలంతా అక్కడ. నవంబరులో గోల్‌కీపర్ రైలు తప్పిపోతే గోల్‌లో నిలబడ్డాడు. క్రిస్మస్ మర్నాడు మంచు కురిసి రిఫరీయే రాలేదు. ఈనక్ ఈల ఊదాడు. తన సొంత జట్టుకి వ్యతిరేకంగా రెండు తప్పులు పట్టి, అందరిచేతా తిట్లు తిన్నాడు. రిఫరీ పని కూడా వచ్చినట్టే కదా!

ఆట తెలిసినవాళ్ళు మా ఆయన గురించి చెప్పుకునేది వింటే నాకు కడుపు నిండిపోతుంది. కొన్నిసార్లు వంట కూడా మర్చిపోతాను. లెఫ్ట్ వింగ్‌లో ఉంటే సున్నపు గీత మీదే పరుగెడతాడు, గీత చెరగదు. పరుగు ఆపకుండానే బంతిని మధ్యకి కొడితే, జ్వరం చూడటానికి అమ్మ చెయ్యి పెట్టినంత మెత్తగా వెళ్ళి సెంటర్ ఫార్వర్డ్ నుదుటి మీద వాలుతుంది. బ్యాక్‌గా ఉంటే అస్సలు తొందరపడడు. ఎదుటి జట్టువాడు దూసుకొస్తుంటే, తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టు మర్యాదగా పక్కకి జరుగుతాడు. ఆ అబ్బాయి సంతోషంగా నాలుగడుగులు వేసి చూసుకుంటే కాళ్ళ దగ్గర బంతి ఉండదు! రెండు కాళ్ళతోనూ ఒకే బలంతో కొడతాడు. ముందు ఏ కాలు కదుపుతాడో గోల్‌కీపర్లకే కాదు, పెళ్ళినాడు ఆయనతో డాన్సు చేసిన నాకూ అంతుపట్టలేదు. ఇక గోల్‌లో నిలబెడితే గాల్లోకి ఎగిరి విన్యాసాలు చేయడు. స్టేషన్‌కి చుట్టాల కోసం వచ్చినవాడిలా, బంతి ఎక్కడ దిగుతుందో అక్కడ ముందే వెళ్ళి నిలబడి ఉంటాడు.

కానీ సెంటర్ హాఫ్‌గా ఉన్నప్పుడు చూడాలి!

మైదానం నడిమధ్య చోటు అది. వచ్చే దాడిని ఆపేదీ అక్కడే, మన దాడి మొదలయ్యేదీ అక్కడే. అక్కడ ఈనక్ అరవడు, చేతులూపడు. బంతి అందుకుని, దాని మీద కాలు పెట్టి, ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో మిగతా ఆటగాళ్ళందరూ, ఆరువేలమంది జనం, ఈయన మనసులో ఏముందా అని ఊపిరి బిగబడతారు. తర్వాత బంతి ఎక్కడికి వెళితే అక్కడ మనవాడే ఉంటాడు. ఈ ఏడాది మొత్తం మీద నాలుగే నాలుగు శనివారాలు ఆ చోట ఆడాడు. ఆ నాలుగు శనివారాలూ ఇంటికి పాట పాడుకుంటూ వచ్చాడు. మిగతా శనివారాలు ఆకలేస్తోంది అంటూ వచ్చాడు.

సరే, అది పక్కన పెట్టండి. నేను మొదలుపెట్టింది ఎక్కడైనా సర్దుకునే మొగుడి వల్ల లాభాల గురించి.

మా పెళ్ళే తీసుకోండి. ఉంగరం పట్టుకొచ్చే తోడు పెళ్ళికొడుకు రాలేదు. ఈనక్ ఎడమ జేబులోంచి ఉంగరం తీసి, తన కుడిచేతికి తానే అందించుకుని, తనకి తానే థాంక్యూ చెప్పుకున్నాడు. మా వీధి చిన్న చర్చి, చాపెల్‌లో హార్మోనియం వాయించే ముసలాయనకి దగ్గు పట్టుకుంది. వాయించింది ఎవరనుకున్నారు? నేను మేలిముసుగు వేసుకుని గుమ్మంలోంచి నడిచి వస్తుంటే పెళ్ళికొడుకు హార్మోనియం దగ్గర ఉన్నాడు! నేను వేదిక చేరే లోపల ఆఖరి స్వరం నొక్కి, కుర్చీ దాటి దూకి, నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆయాసపడకుండా "ఒప్పుకుంటున్నాను" అన్నాడు. పెళ్ళికొడుకు స్థానం మాత్రం మొదటి నుంచీ ఆయనదే కాబట్టి సరిపోయింది. ఆ స్థానంలోనూ ఇంకెవరికైనా చీలమండ బెణికి ఈయన వచ్చి ఉంటే నా గతేమిటి?

వీధిలోవాళ్ళకీ ఎంత ఉపకారమో చూడండి. పొగగొట్టం పూడుకుంటే ఈనక్. బ్యాండుమేళంలో డోలు కొట్టేవాడు రాకపోతే ఈనక్. ప్రార్థనలో సన్నగొంతు తక్కువైతే సన్నగా, బొంగురుగొంతు తక్కువైతే బొంగురుగా ఈనక్. శవపేటిక మోయడానికి నాలుగో మనిషి కావాలన్నా ఈనకే. ఒక్కసారైనా కాదన్నాడా? ఎవరు తలుపు కొట్టినా లేచి, సగం తాగిన టీ కప్పు నా చేతికిచ్చి, నవ్వుతూ ఒకే మాట అంటాడు:

"ఎక్కడైనా సర్దుకుంటాలెండి."

మా వారం మొత్తం ఈ మాట మీదే నడుస్తుంది. అలా సగం తాగిన టీ నేను పూర్తిచేసి బాగా ఒళ్ళు చేశాను. ఇది లాభం కాక మరేమిటి!

ఇప్పుడు కొక్కెం సంగతి.

క్లబ్బులో ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది గోడకి పదకొండు కొక్కేలు ఉన్నాయి. ఒక్కో కొక్కెం కింద తెల్లరంగుతో ఒక్కో స్థానం పేరు రాసి ఉంటుంది. గోల్‌కీపర్, రైట్ బ్యాక్, లెఫ్ట్ బ్యాక్, అలా చివరిదాకా. ఎవరి కోటు వాళ్ళ కొక్కేనికే. దెబ్బ తగిలి ఆడకపోయినా ఆటగాడు చూడటానికి వస్తాడు, వచ్చి తన కొక్కేనికే కోటు తగిలించుకుంటాడు. అతని బదులు ఆడే మా ఆయన కోటు మాత్రం తలుపు పిడికి వేలాడుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ కింద పడుతుంది. ఒక శనివారం జట్టుకి మాలిష్ చేసే ట్రైనర్ సెత్ దాన్ని గోనెపట్టా అనుకుని బూట్లు తుడుచుకున్నాడు. ఆదివారం చాపెల్‌కి వేసుకెళ్ళే కోటు! దులుపుతూ నేను సణిగితే ఈనక్, "పోనీలే హెస్టర్, కోటు కూడా ఎక్కడైనా సర్దుకుంటుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ సాయంత్రం హాట్‌పాట్ రెండోసారి వడ్డించుకోలేదు. మాంసం పైన వేగిన బంగాళదుంప ముక్కలున్న హాట్‌పాట్ వద్దన్నాడంటే మనసులో ఏదో ఉన్నట్టే.

ఏప్రిల్ వచ్చింది. పదమూడేళ్ళుగా సెంటర్ హాఫ్ ఆడుతున్న ఏమస్ గ్రిమ్‌షా మోకాలు ఇక పనికిరాదని డాక్టరు చెప్పేశాడు. కొక్కెం ఖాళీ అవుతోంది! జట్టుని ఎంచే సెక్రటరీ మిస్టర్ హోరక్స్ మా ఇంటికే వచ్చి, నా కుర్చీలోనే కూర్చుని, నా చేతి టీ తాగుతూ అన్నాడు:

"చూడు నాయనా ఈనక్. ఈ శనివారం ఊళ్ళో ఆఖరి ఆట. సెంటర్ హాఫ్ నువ్వే ఆడు. బాగా ఆడావనుకో, వచ్చే ఏడాదికి ఆ చోటు నీది."

"నిజంగానా అండీ?"

"నా టోపీ మీద ఒట్టు."

ఈనక్ ఆ వారమంతా వీధి పొడుగునా పాడుతూ తిరిగాడు. మూడు పొగగొట్టాలు ఊరికే శుభ్రం చేశాడు.

శనివారం మధ్యాహ్నం మిల్లు కూత వేసిందో లేదో ఊరు ఊరంతా మైదానానికి పరుగెత్తింది. నేనూ మా అత్తగారు తబితా కంచె మూలన నిలబడ్డాం. డైరెక్టర్లు కూర్చునే స్టాండు మాకు ఇరవై గజాల దూరం. అత్తగారు ముప్ఫై ఏళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. ఆ మోతలో చెవిలో నోరుపెట్టి అరిచినా వినబడదు. అందుకే మా ఊరి నేతపనివాళ్ళు గొంతుతో మాట్లాడరు, పెదవులతో మాట్లాడతారు, పెదవులే చదువుకుంటారు. షెడ్డు ఈ చివర కూర్చుని ఆ చివర ఎవరి కోడలు ఎవరితో పోట్లాడిందో చెప్పగలరు. ఈనక్ కూడా పన్నెండేళ్ళకే ఆ షెడ్డులో చేరాడు కాబట్టి తల్లీకొడుకులకి అదే మాతృభాష. నేను కాలేజీలో ఫ్రెంచి నేర్చుకున్నాను. దానివల్ల ఈ కుటుంబంలో ఏమీ ఉపయోగం లేదు.

కొండ అవతలి యార్క్‌షైర్ జట్టుతో ఆట. ఈనక్ ఎలా ఆడాడని చెప్పను! తలతో కొట్టాడు, బంతి లాక్కున్నాడు, ఇచ్చాడు, మళ్ళీ తీసుకున్నాడు. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ ఎటు తిరిగినా ఈయన ముఖమే కనిపించి, అరగంటకి ఆ పిల్లాడు పలకరించడం కూడా మొదలుపెట్టాడు. బంతి మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. నలభై గజాల పాస్. గోల్! నేను ఎగిరాను. టోపీ జారింది. పక్కాయన చేతిలోని మాంసం కూరిన రొట్టె మీద పడింది. ఆయన ఏమీ అనలేదు, ఆయనా ఎగురుతున్నాడు.

అత్తగారు మాత్రం పిప్పరమింటు బిళ్ళ చప్పరిస్తూ స్టాండు వైపే చూస్తోంది.

"ఆట ఇక్కడ జరుగుతోందత్తయ్యా!"

"అక్కడే జరుగుతోందే పిల్లా," అంది, బిళ్ళని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి. "విటిల్ గారు అడుగుతున్నాడు, కుర్రాడెలా ఉన్నాడూ అని."

విటిల్ గారంటే క్లబ్బు పెద్ద డైరెక్టరు.

"హోరక్స్ ఏమంటున్నాడు?"

"ఈ జిల్లాలో ఇంత మంచి సెంటర్ హాఫ్‌ని చూళ్ళేదంటున్నాడు."

నేను అత్తగారిని కావలించుకున్నాను.

"వదులు, కనబడ్డం లేదు! ఇంకా అయిపోలేదే. 'అందుకే వాడికి ఇవ్వకూడదు' అంటున్నాడు."

"ఏమిటీ!"

అత్తగారు బిళ్ళ కొరికింది. టక్కుమంది. తర్వాత చాపెల్‌లో బైబిలు చదివినట్టు ఒక్కో మాటా చదివింది. "'వాణ్ణి ఒక్కచోట మేకేసి కొడితే మిగతా పది చిల్లులూ ఎవడు పూడుస్తాడండీ? ఒక్క జత బూట్లలో పదకొండు మంది దొరికారు మనకి. సెంటర్ హాఫ్‌కి వేరే ఊరివాణ్ణి మాట్లాడేశాను. వాడికి అదొక్కటే వచ్చు, కాబట్టి అదే ఇవ్వాలి. మనవాడా? వాడేమీ అనుకోడు. ఎక్కడైనా సర్దుకుంటాడు.'"

ఆ చివరి మాట నేను అత్తగారి నోట విన్నాను, హోరక్స్ పెదవుల మీద చూశాను, ఈనక్ గొంతులో గుర్తుచేసుకున్నాను. మూడుచోట్లా ఒకటే మాట. మొదటిసారి నాకది ముద్దుగా అనిపించలేదు.

సరిగ్గా అప్పుడే మా గోల్‌కీపర్ జేబెజ్‌ని వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ భుజంతో గుద్దాడు. జేబెజ్ గోల్ స్తంభాన్ని కావలించుకుని పడ్డాడు. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. బదులు ఆటగాణ్ణి దింపే పద్ధతి మనకి లేదని మీకు తెలుసు, ఉన్న పదిమందిలోనే ఒకడు గోల్‌లోకి వెళ్ళాలి. స్టాండులో హోరక్స్ లేచి టోపీ ఊపాడు. అదే, ఒట్టు వేసిన టోపీ. ట్రైనర్ సెత్ జేబెజ్ ఎర్ర జెర్సీ పట్టుకుని పరుగున వచ్చాడు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆయన ఆలోచించను కూడా లేదు. ఈనక్ కూడా ఆలోచించలేదు, అప్పటికే చెయ్యి చాపి ఉన్నాడు.

జెర్సీ తీసుకుని, తల వంచుకుని మా మూల మీదుగా గోల్ వైపు నడుస్తున్నాడు. పాట లేదు.

అత్తగారు కంచె పట్టుకుని ముందుకి వంగింది. గొంతులోంచి చప్పుడు రాలేదు, పెదవులు మాత్రం పెద్దపెద్దగా ఆడాయి. ఈనక్ ఆగాడు, చూశాడు, స్టాండు వైపు ఒకసారి తల తిప్పాడు. మళ్ళీ తల్లి వైపు చూశాడు.

"ఏం చెప్పారత్తయ్యా?"

"టీకి ఏం చెయ్యమంటావురా అని అడిగా," అంది, ఇంకో బిళ్ళ నోట్లో వేసుకుని.

ఈనక్ ఎర్ర జెర్సీ తొడుక్కున్నాడు. వెనక్కి తిరిగాడు. గోల్‌కి వీపు చూపించి, మైదానం నడిమధ్యకి నడిచి వెళ్ళి, సెంటర్ హాఫ్ నిలబడే చోట నిలబడ్డాడు.

సెత్ గీత పక్కన గంతులేశాడు. "ఒరేయ్ ఈనక్! గోల్ అటురా!"

"తెలుసు సెత్."

"మరక్కడేం చేస్తున్నావురా?"

"నిలబడ్డాను."

"గోల్‌కీపర్ ఉండాల్సింది గోల్‌లోరా నాయనా!"

"ఎక్కడ రాసుంది?"

ఆరువేలమందీ రిఫరీని చూశారు. ఆయన మామూలు రోజుల్లో మందుల షాపు నడుపుతాడు, ఏదైనా రాసి ఉంటేగానీ చెయ్యడు. జేబులోంచి 1910 నాటి నిబంధనల పుస్తకం తీశాడు. తిరగేశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తిరగేశాడు. గోల్‌కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టుకోవచ్చని ఉంది. గోల్‌లోనే నిలబడాలని ఎక్కడా లేదు!

ఈల ఊదాడు. పాఠకులారా, ఆ మిగిలిన పాతిక నిమిషాల గురించి నేను నా మనవలకి చెబుతాను. మనవలు పుట్టేదాకా మీకు చెబుతాను.

వాళ్ళు బంతిని ఎత్తుగా కొడితే ఈనక్ నడిమధ్యన నిలబడి, చెట్టునుంచి యాపిల్ కోసినట్టు చేత్తో అందుకున్నాడు. కింద పెట్టి, కాలు వేసి, ఒక్క క్షణం ఆగి, పాస్ ఇచ్చాడు. వాళ్ళ ఫార్వర్డ్‌లు ఖాళీ గోల్ చూసి నోరూరి ముందుకి పరుగెత్తారు. కానీ ఫార్వర్డ్‌కీ గోల్ గీతకీ మధ్య ఎదుటి జట్టువాళ్ళు ముగ్గురుండాలని కదా నిబంధన! ఈనక్ పైకొచ్చి నిలబడ్డాడు కాబట్టి వెనక మిగిలింది ఇద్దరు బ్యాక్‌లే. ఆయన్ని దాటి నిలబడిన ప్రతివాడూ ఆఫ్‌సైడ్. ఈల! మళ్ళీ ఈల! ఈ లెక్క నేను మొదటి తరగతి పిల్లలకి చెప్పగలను, యార్క్‌షైర్ వాళ్ళకి మాత్రం పాతిక నిమిషాలు పట్టింది.

ఒక్కసారి మాత్రం అంతా అయిపోయిందనుకున్నాను. ఎవడో దూరం నుంచి గుడ్డిగా కొట్టిన బంతి ఈనక్ తలమీదుగా వెళ్ళి, ఖాళీ గోల్ వైపు దొర్లడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, బురదలో, ఆదివారం షికారుకి వెళ్తున్నట్టు. ఈనక్ వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఆ పరుగు లెఫ్ట్ వింగ్‌ది. చివర్లో బురదలో జారిన జారుడు రైట్ బ్యాక్‌ది. గీత మీద బంతిని చేత్తో అదిమింది గోల్‌కీపర్. లేచి ఎడమకాలితో సగం మైదానం దాటించి ఫార్వర్డ్ ముందు వేసింది ఎవరో నాకే తెలియదు. అది కూడా గోల్ అయింది! జనం టోపీలు ఎగరేస్తుంటే ఈనక్ ఒళ్ళంతా బురదతో నడుచుకుంటూ తిరిగొచ్చి, మళ్ళీ అదే చోట నిలబడ్డాడు. నిలబడి, బూటు మడమతో నేల మీద చిన్న గుర్తు గీసుకున్నాడు.

అప్పుడు నేను ఏడ్చాను. గాలికి కళ్ళలో నీళ్ళొచ్చాయని అత్తగారితో చెప్పాను. ఆవిడ తన శాలువా కొంగు ఇచ్చింది.

ఆట అయ్యాక ఆటగాళ్ళ గది బయట మేమిద్దరం నిలబడ్డాం. ఆడవాళ్ళని లోపలికి రానివ్వరు. కానీ తలుపు తీయగానే ఈనక్ కోటు ఎప్పటిలాగే కింద పడింది, తలుపు కింద ఇరుక్కుంది, తలుపు మూతపడలేదు. కొక్కెం లేకపోవడం వల్ల ఎన్ని లాభాలో చూశారా? మొత్తం విన్నాం.

"అద్భుతం నాయనా!" హోరక్స్ గొంతు. "ఒకే జెర్సీలో రెండు పనులు! వచ్చే ఏడాది నిన్ను అటూ ఇటూ..."

"ఒక్కటడగనా మిస్టర్ హోరక్స్. ఈరోజు ఆటంతా నేను ఎక్కడున్నాను?"

"ఎక్కడంటే... మధ్యలో."

"జెర్సీ మార్చాక?"

"మధ్యలోనే."

"నాకు వచ్చింది అదొక్కటే. ఇంకేమీ రాదు."

"ఇంకేమీ రాకపోవడమేమిట్రా! లెఫ్ట్ వింగ్ రాదా?"

"రాదు."

"గోల్? ఇప్పుడేగా ఆపావు!"

"ఏదో తగిలిందంతే. అదొక్కటే వచ్చినవాడికి అదే ఇవ్వాలని మీరే అన్నారు కదండీ."

ఎక్కడ అన్నానో, ఎవరి ముందు అన్నానో హోరక్స్ వెతుక్కుంటున్నట్టున్నాడు. అప్పుడు మా అత్తగారు తలుపు సందులోకి ముఖం పెట్టింది.

"టోపీ మీద ఒట్టు కూడా వేశావు, స్టాండులో అన్న మిగతాది నేను వీధి మొత్తానికీ చెప్పనా హోరక్సూ? మీ అమ్మ నా పక్క మగ్గమే. నేతగాళ్ళు నిలబడే కంచెకి ఎదురుగా కూర్చుని రహస్యాలు మాట్లాడతావుట్రా?"

ముందుగా నవ్వింది లోపలే ఉన్న విటిల్ గారే. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని, "రాయవయ్యా హోరక్స్, రాసెయ్" అన్నాడు. మూలన కూర్చున్న ఏమస్ గ్రిమ్‌షా కుంటుకుంటూ లేచి, పదమూడేళ్ళుగా తగిలించుకున్న కొక్కెం మీంచి తన కోటు తీసుకున్నాడు. "తగిలించరా అబ్బాయ్" అన్నాడు. ఈనక్ గుమ్మం దగ్గరికొచ్చి, కింద పడ్డ కోటు తీసి, దులిపి, తగిలించాడు. మళ్ళీ తీసి, మళ్ళీ తగిలించాడు. తలుపు మూతపడింది. ఇక మాకేమీ వినబడలేదు, పాట తప్ప.

(ఆనాటి నుంచి హోరక్స్ స్టాండులో ఏం మాట్లాడినా నోటికి టోపీ అడ్డం పెట్టుకుంటున్నాడు.)

ఇక్కడితో ఆపేస్తే నేనెంతో న్యాయమైన మనిషిని అనుకుంటారు. ఆపలేను.

ఇంటికి వచ్చాం. ఈనక్ పాడుతూనే కోటు విప్పాడు, నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. కప్పులు పట్టుకుని మధ్య తలుపు కాలితో తోశాను. ఏదో మెత్తగా కింద పడింది.

కోటు.

మా ఇంట్లో తలుపు పక్కన నాలుగు కొక్కేలున్నాయి. మొదటిదానికి నా ఆదివారం టోపీ. రెండోదానికి నా మామూలు టోపీ. మూడోదానికి నా వానకోటు. నాలుగోదానికి కాలేజీ నాటి నా గడ్డిటోపీ. పెళ్ళయిన టీచరు పనికిరాదని బడిలో నా కుర్చీ ఇంకో అమ్మాయికిచ్చిన రోజున తెచ్చి తగిలించాను. తీయబుద్ధి కాలేదు. పదకొండు వారాలుగా మా ఆయన కోటు తన సొంత ఇంట్లో తలుపు పిడికి వేలాడుతోంది!

"ఎందుకు చెప్పలేదు నువ్వు?" అన్నాను.

"ఏముందే, అవి నీ టోపీల చోట్లు కదా. నేను ఎక్కడైనా..."

"ఆ మాట అనకు!"

అనలేదు. కోటు ఎత్తుకుని నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. నేను నాలుగో కొక్కెం ఖాళీ చేశాను. బడి నుంచి తెచ్చుకున్న సుద్దముక్క ఒకటి ఇంకా డ్రాయరులో ఉంది. దాని కింద నా మంచి దస్తూరితో రాశాను: సెంటర్ హాఫ్. టీ చల్లారిపోయింది. ఆ సాయంత్రం పొగగొట్టం గురించి ఎవరో తలుపు కొట్టారు. మా ఆయన ఖాళీ లేడని చెప్పాను. ఆయన అసలు ఏ పనీ చేయడం లేదు. కోటుని చూస్తూ కూర్చున్నాడు.

కాబట్టి అమ్మాయిలారా, నేను మొదట చెప్పిన మాటకే కట్టుబడి ఉన్నాను. ఎక్కడైనా సర్దుకునే మగవాడు దొరకడం అదృష్టం. వెతుక్కోండి. మిస్టర్ హోరక్స్ కూడా ఒకణ్ణి వెతుకుతున్నాడు. మా వీధివాళ్ళూ వెతుకుతున్నారు. మా ఇంట్లో మాత్రం లేడు.

ఇది రాస్తున్నంతసేపూ నా తలమీద గడ్డిటోపీ ఉంది. ఇంట్లో కూర్చుని టోపీ ఏమిటని అత్తగారు అడిగింది. దానికి కొక్కెం లేదత్తయ్యా అన్నాను. పాపం, ఎక్కడైనా సర్దుకుంటుంది.